మాతువు ముందు, ధాతువు వెనుక: మఖ్దూం గజల్ గానరూపం

శార్ఙ్గదేవుని సంగీత రత్నాకరంలో గేయంలోని పదభాగం మాతువు, స్వరభాగం ధాతువు. రెండింటినీ తానే కూర్చగలవాడు ఉత్తమ వాగ్గేయకారుడు. పరుల ధాతువుకు మాతువును అమర్చేవానిని ఆయన కుట్టికారుడన్నాడు. బాణీ ముందు పుట్టి పదాలు తరువాత వచ్చే చలనచిత్ర పద్ధతి ఎరిగినవారికి ఈ ప్రాచీన సంజ్ఞ కొత్తగా తోచదు. దీనికి విలోమమైన మార్గం మరొకటి ఉన్నది. కవి స్వతంత్రంగా వ్రాసి ముగించిన కవితకు వేరొకరు, ఒక్కొక్కప్పుడు కవి మరణానంతరం, స్వరం కూర్చడం. ఈ మార్గంలో ధాతువు మాతువును ఏమి చేస్తుందో హైదరాబాదు కవి గజల్ ఒకదాని ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

ఈ పద్ధతి ప్రౌఢంగా సాగిన భాషలలో యిడ్డిష్ ఒకటి. అది తూర్పు యూరపు యూదుల ఇంటిభాష. దాని వ్యాకరణం ప్రధానంగా జర్మన్ కుటుంబానిది, లిపి హీబ్రూ. 1897లో కియెవ్ ప్రాంతంలో జన్మించి న్యూయార్కు చేరిన లాజర్ వైనర్ తన కాలపు యిడ్డిష్ కవుల రచనలను గాత్రానికీ పియానోకూ అనువుగా స్వరపరచాడు. ఉర్దూ నిర్మాణమూ కొంత ఇటువంటిదే. వ్యాకరణం ఈ దేశానిది, లిపి పారసీకుల ద్వారా వచ్చిన అరబ్బీ. రెండు భాషలనూ కుడినుండి ఎడమకే వ్రాస్తారు. పోలిక ఇంతవరకే. ఉర్దూకు దర్బారుల ఆదరణ లభించింది, యిడ్డిష్‌కు అది లేదు.

మఖ్దూం మొహియుద్దీన్ (1908–1969) మెదక్ ప్రాంతపు అందోలులో జన్మించాడు. పాతబస్తీలో మూసీ ఒడ్డున ఉన్న సిటీ కాలేజీలో ఉర్దూ బోధించాడు. ఆపై కార్మికోద్యమంలోనూ తెలంగాణ సాయుధ పోరాటంలోనూ పాల్గొన్నాడు. ‘సుర్ఖ్ సవేరా’ (1944), ‘గుల్-ఎ-తర్’ (1961) ఆయన సంపుటాలు. ‘ఫూలోం కీ’ అనే రదీఫ్‌తో, అంటే ప్రతి షేర్ చివరా మరల మరల వచ్చే అంత్యపదంతో, ఆయన వ్రాసిన గజల్ ఇచ్చట మనకు ముఖ్యం.

దాని ఛందస్సు ఖఫీఫ్ బహర్. మన గురులఘు సంకేతాలతో చూస్తే పాదానికి పది అక్షరాలు, గణాలు ర, ర, య, ఆపై ఒక గురువు. అనగా పంక్తి ఛందంలో ఇమిడే పాదం. తెలుగు అధ్యాపకుడు దీనిని నల్లబల్లపై సులభంగా విభజించి చూపవచ్చు. అయితే ఒక చిక్కు ఉన్నది. ‘రాత్’, ‘బాత్’ వంటి పదాలలో దీర్ఘం తరువాతి పొల్లు హల్లును ఉర్దూ ఛందస్సు ప్రత్యేక లఘువుగా లెక్కిస్తుంది. మన లెక్కలో ఆ పొల్లు ముందరి గురువులోనే కలిసిపోతుంది. చదువరికి ఇది లక్షణ విషయం మాత్రమే. స్వరకర్తకు అలా కాదు. ఆ తకారానికి కాలంలో చోటు కల్పించకపోతే పాదం కుంటుతుంది, ఎక్కువ సాగదీస్తే మాట చెడుతుంది.

కవి మరణించిన పదమూడేండ్లకు, 1982లో, సాగర్ సర్హదీ దర్శకత్వంలో ‘బాజార్’ చిత్రం వచ్చింది. సంగీతం ఖయ్యాం. అందులో పదునెనిమిదవ శతాబ్దికి చెందిన మీర్ తకీ మీర్ గజల్ కూడా ఉన్నది. ఆ రెంటికీ మాతువు ముందే సిద్ధం. ఖయ్యాం మఖ్దూం గజల్‌ను హైదరాబాదులో పుట్టిన తలత్ అజీజ్ చేతనూ, లతా మంగేష్కర్ చేతనూ పాడించాడు. గజల్‌లో పలికే గొంతు సాధారణంగా ఒక్కటే, ప్రేమికునిది. షేర్లను ఇద్దరికీ పంచడంతో అది సంభాషణ అయింది. పుటపై ప్రాసనియమంగా కనబడే రదీఫ్ పాటలో పల్లవి పని చేసింది. ఇది స్వరకర్త చేసిన వ్యాఖ్యానమే అని నా అభిప్రాయం. మల్లినాథుడు మాటలతో చేసిన పనిని ఇతడు గొంతులతో చేశాడు.

అంతకంటె పెద్ద మార్పు సందర్భం వలన కలిగింది. చిత్రకథ హైదరాబాదులోనిది. గల్ఫ్‌లో సంపాదించిన డబ్బుతో వచ్చినవారికి పేదింటి ఆడపిల్లలను పెండ్లి పేరిట అమ్మడం అందలి వస్తువు. ఈ గజల్ నేపథ్యంలో కనిపించే యువజంటలోని షబ్నం చివరకు అలాగే అమ్ముడుపోయి ప్రాణం తీసుకుంటుంది. కవి పూల రాత్రిని ఆనందంగానే వ్రాశాడు. కథ తెలిసిన ప్రేక్షకుడు రెండవసారి వింటే అవే పూలు అంగడి సరుకుగా వినబడతాయి. ఒక్క అక్షరమూ మారలేదు. వాచ్యం అదే, ధ్వని వేరు. ఆనందవర్ధనుడు వ్యంజనకు హేతువులుగా ప్రకరణాదులను లెక్కించే ఆలంకారిక సంప్రదాయానికి మూలపురుషుడు. ఆయన గ్రంథం బోధించేటప్పుడు ఈ ఉదాహరణ పనికివస్తుంది.

తెలుగులో దీనికి సమీపమైనది కరుణశ్రీ ‘పుష్పవిలాపం’. ఆ పద్యాలకు ఘంటసాల ఇచ్చిన గానరూపమే ఊరూరా వ్యాపించింది. అక్కడ పూలే నోరు తెరచి తమను కోసేవారిని నిందిస్తాయి. మఖ్దూం పూలు ఏమీ అనవు.