సంకారా హత్యయు సేనాని దియెండెరేపై విచారణయు

పశ్చిమాఫ్రికాలోని అప్పర్ వోల్టా 1960వ సంవత్సరమున ఫ్రెంచి పాలన నుండి విముక్తి నొందినది. 1983 ఆగస్టులో అధికారమునకు వచ్చిన కాప్టెన్ తోమస్ సంకారా, మరుసటి సంవత్సరము ఆ దేశమునకు బుర్కినా ఫాసో యని పేరు పెట్టెను. ఋజువర్తనుల దేశమని దాని యర్థము.

1987 అక్టోబరు 15వ తేదీన రాజధాని వాగదూగూలో, సమావేశమునందున్న సంకారాను, మరి పన్నెండుగురిని సైనికులు కాల్చి చంపిరి. సంకారాకు అప్పటికి 37 ఏండ్లు. అధికారము ఆతని ఆప్తమిత్రుడైన కాప్టెన్ బ్లేజ్ కొంపావొరేకు దక్కెను. ప్రభుత్వ మరణపత్రమున మాత్రము సహజమరణమని వ్రాయబడెను.

ఈ హత్యకు తోడ్పడెనని అభియోగము మోపబడిన సైన్యాధికారి గిల్బెర్ట్ దియెండెరే. కొంపావొరే పాలనలో ఆతడు ఏలికకు కుడిభుజమై, జనరల్ పదవి నందెను. నిందితులే పాలకులైనప్పుడు విచారించు వారెవ్వరు? సంకారా భార్య మరియమ్ 1997లో చేసిన ఫిర్యాదు స్వదేశ న్యాయస్థానములలో ముందునకు సాగలేదు.

2014 అక్టోబరులో ప్రజలు తిరుగబడగా, 27 ఏండ్లు పాలించిన కొంపావొరే దేశము విడిచి ఐవరీ కోస్టు చేరెను. 2015లో సమాధులు త్రవ్వి అవశేషములను పరీక్షించిరి. ఆ సెప్టెంబరులోనే దియెండెరే నడపిన సైనిక తిరుగుబాటు కొలది దినములలో విఫలమయ్యెను. అందులకు 2019లో ఆతనికి 20 ఏండ్ల కారాగారశిక్ష పడెను.

హత్యాభియోగముపై విచారణ 2021 అక్టోబరు 11న వాగదూగూ సైనిక న్యాయస్థానమున ప్రారంభమయ్యెను. నిందితులు 14 మంది. హత్య జరిగినప్పుడు తాను క్రీడాస్థలమున నుంటిననియు, కాల్పులు విని వచ్చితిననియు దియెండెరే వాదించెను. 2022 జనవరిలో మరియొక సైనిక తిరుగుబాటు సంభవించి విచారణ కొంత నిలిచినను, మరల సాగెను. ప్రభుత్వ న్యాయవాది ఆతనికి 20 ఏండ్ల శిక్షను కోరగా, న్యాయస్థానము ఏప్రిల్ 6న యావజ్జీవ కారాగారవాసమును విధించెను. పరోక్షమున కొంపావొరేకును, హంతకదళమును నడపిన హియసింత్ కఫాండోకును అదియే శిక్ష పడెను. ఆ జూలైలో కొంపావొరే సంకారా కుటుంబమును క్షమాపణ వేడెను.

హత్యకును తీర్పునకును నడుమ 34 సంవత్సరములకు పైగా గడచెను. అధికారము వారి చేతనున్నంత కాలము న్యాయము వేచియుండవలసి వచ్చెను. సహజమరణమని వ్రాసిన పత్రము సత్యమును అంతకాలము అణచినదేగాని, చెరిపివేయజాలకపోయెను.