తోటలో చిన్న ఇల్లు: 192 చదరపు అడుగుల ప్లాన్ ముగ్గుపిండితో ఎలా మారింది?

పోయిన వీడియోలో మా తోటలో కడుతున్న చిన్న ఇల్లు చూసి చాలామంది రైతులు ప్లాన్ అడిగారు. వీడియోలో చెప్పలేకపోయిన లెక్కలు ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మాది అనంతపురం వైపు. వేరుశనగ కోతకొస్తే అడవి పందుల కాపలా తప్పదు. మా నాన్న పదేళ్లుగా రేకుల షెడ్డులోనే పడుకుంటున్నాడు. మోకాలి ఆపరేషన్ అయ్యాక కూడా తోట వదలనంటాడు. అందుకే మంచి గది ఒకటి కట్టాలనుకున్నా. అదే సమయంలో ఆర్కిటెక్చర్ చదివే ఒక అమ్మాయి కాలేజీ ప్రాజెక్టు కోసం చిన్న ఇల్లు డిజైన్ చేయాలని వచ్చింది. స్థలం, అవసరం మావి, గీత ఆమెది.

మొదటి ప్లాన్‌లో తప్పు

ఇంటర్నెట్‌లో కనిపించే చిన్న ఇళ్లలాగే పైన అటక, దాని మీద పడక, ఎక్కడానికి నిచ్చెన గీసింది. కాగితం మీద చాలా బాగుంది. నాకూ నచ్చింది. నాన్న చూసి ఒకటే మాట అన్నాడు: "ఏం పాపా, ఈ కాలుతో నేను నిచ్చెన ఎక్కల్లనా?"

ఇద్దరం నోరు మూసుకున్నాం. ఎవరి కోసం కడుతున్నామో వాళ్లనే అడగలేదు.

మరుసటి రోజు కళ్లంలో ముగ్గుపిండితో ఇంటిని అసలు సైజులో గీశాం. బయట కొలత 12 × 16 అడుగులు, అంటే 192 చదరపు అడుగులు. గోడ మందం 9 అంగుళాలు తీసేస్తే లోపల మిగిలింది 10.5 × 14.5, అంటే సుమారు 152 మాత్రమే. 40 చదరపు అడుగులు గోడలకే పోయాయి! నాన్న నవారు మంచం తెచ్చి ముగ్గులో వేసుకుని పడుకున్నాడు. లేచాడు, నడిచాడు. తలుపు మంచానికి తగులుతుందని అక్కడే తెలిసింది. అటక తీసేశాం. తలుపు బయటికి తెరుచుకునేలా మార్చాం. మీరు కూడా పునాది తీసే ముందు ఈ పని తప్పకుండా చేయండి, ఖర్చు ముగ్గుపిండి అంతే.

చిన్న ఇల్లు ఒంటరిగా బతకదు

ఆ అమ్మాయి ఒక మంచి ఉదాహరణ చెప్పింది. లె కార్బుజియే అనే పెద్ద ఆర్కిటెక్ట్ 1952లో ఫ్రాన్స్ సముద్రతీరంలో తన కోసం కట్టుకున్న గది 3.66 మీటర్ల చదరం, అంటే 12 అడుగులే. అందులో వంటగది లేదు, పక్కనే హోటల్ ఉంది కాబట్టి! మనకూ అంతే. జీవామృతం డ్రమ్ము నీడలో ఉండాలి గానీ ఇంట్లో ఉండక్కర్లేదు. ఉత్తరం వైపు వసారా దించి 200 లీటర్ల డ్రమ్ములు, పొయ్యి అక్కడ పెట్టాం. మరుగుదొడ్డి విడిగా కట్టాం. లోపల మంచం, విత్తనాల అర, కూర్చునే అరుగు, అంతే.

ఎండ లెక్క

పొడవు గోడలు ఉత్తర, దక్షిణాలకు, పొట్టి గోడలు తూర్పు, పడమరలకు పెట్టాం. పడమటి గోడకు కిటికీ లేదు. కానీ మా దగ్గర ఏప్రిల్ చివర్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నెత్తి మీదే ఉంటాడు, కాబట్టి అసలు వేడి పైకప్పు నుంచే వస్తుంది. అందుకే ఫిల్లర్ స్లాబ్ ఎంచుకున్నాం. స్లాబ్ అడుగు భాగంలో లాగుడు బలాన్ని మోసేది ఇనుమే, కాంక్రీటు కాదు. ఆ చోట కాంక్రీటు కొంత తగ్గించి మంగళూరు పెంకులు జంటగా పెడతారు. మధ్య గాలి ఉండి వేడి తక్కువ దిగుతుంది. ఇనుము లెక్క మాత్రం ఇంజనీరుతోనే వేయించండి, మేస్త్రి అంచనా మీద వదలొద్దు.

గోడకు రాట్ ట్రాప్ బాండ్. కేరళలో లారీ బేకర్ దీన్ని బాగా ప్రచారం చేశారు. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి కడతారు. గోడ మధ్యలో దాదాపు 3 అంగుళాల ఖాళీ వస్తుంది. ఇటుకలు సుమారు నాలుగో వంతు తగ్గుతాయి, ఆ ఖాళీ వేడిని ఆపుతుంది.

ఇక్కడే మాకు దెబ్బ తగిలింది. మా మేస్త్రికి ఇది కొత్త. గోడ గట్టిగా ఉండాలని రెండు వరసల ఖాళీలు మాలుతో నింపేశాడు. సాయంత్రం చూసి విప్పించాల్సి వచ్చింది. తప్పు ఆయనది కాదు, మేం ముందు నమూనా కట్టి చూపించలేదు. మీరు పని మొదలయ్యే ముందు మూడడుగుల గోడ ఒకటి కట్టించి చూసుకోండి. అడుగు వరస, కిటికీ కింది వరస మాత్రం గట్టిగానే ఉండాలి.

కాలేజీలో సార్లు "ఇందులో కొత్తదనం ఏముంది?" అని అడిగారట. ఆ అమ్మాయి ముగ్గులో మంచం వేసుకుని పడుకున్న నాన్న ఫోటో చూపించిందట. మార్కులు ఎన్నొచ్చాయో నేను అడగలేదు. నాన్న మాత్రం స్లాబ్ క్యూరింగ్ కూడా అవ్వకముందే మంచం ఎప్పుడు మార్చాలని రోజూ అడుగుతున్నాడు.

ఫిల్లర్ స్లాబ్ వేసిన రోజు వీడియో వచ్చే వారం పెడతాను.