కాచినా పోని ఫ్లోరైడ్

"ఇంట్లో ఏ నీళ్ళు తాగుతున్నారు?" అని మేము అడిగితే చాలామంది ఇచ్చే జవాబు ఒక్కటే: "బోరు నీళ్ళే సిస్టరమ్మా, కాచి చల్లార్చి తాగుతున్నాము." కాచడం మంచి అలవాటే. విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు తెచ్చే క్రిములు చస్తాయి. అయితే ఫ్లోరైడ్ క్రిమి కాదు, రాతిలోనుండి నీటిలో కరిగిన పదార్థం. ఎంత కాచినా పోదు. పైగా నీళ్ళు ఇగిరేకొద్దీ మిగిలిన నీళ్ళలో దాని మోతాదు పెరుగుతుంది.

అన్ని ఊళ్ళ నీళ్ళ దోషం ఒకటి కాదు. కేరళలో చాలా బావుల నీళ్ళకు ఆమ్లగుణం ఉంటుంది. ఇంట్లో రాగి గొట్టాలుంటే ఆ నీళ్ళు రాగిని కరిగిస్తాయి, కుళాయి కింద నీలి పచ్చ మరకలు పడతాయి. సున్నపురాయి ముక్కల గుండా నీళ్ళు పంపి ఆ దోషం సరిచేస్తారు. మన కర్నూలు, కడప వైపు సాధారణంగా ఇందుకు భిన్నం. వాన తక్కువ, నీళ్ళు రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలుస్తాయి. వాటిలో క్షారగుణం పెరిగి, గ్రానైటు వంటి రాళ్ళలోని ఫ్లోరైడును లాక్కుంటాయి. రంగు, రుచి, వాసన ఏదీ మారదు.

ఈ జబ్బు మనకు కొత్త కాదు. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల రోగులను చూసి వైద్యులు 1937లోనే దీనిని వివరించారు.

గుర్తుపట్టడం ఎలా?

పిల్లల పళ్ళపై సుద్దవంటి తెల్లని మచ్చలు, తరువాత పసుపు, గోధుమ రంగు చారలు వస్తాయి. ఇవి తోమితే పోవు. సుమారు ఎనిమిదేళ్ళలోపు, పళ్ళు చిగుళ్ళలో తయారవుతున్నప్పుడే ఈ హాని జరుగుతుంది. పెద్దలకు మెడ, నడుము, కీళ్ళు బిగుసుకుంటాయి. గడ్డం రొమ్ముకు ఆనించలేకపోయినా, మోకాళ్ళు వంచకుండా వంగి నేల తాకలేకపోయినా డాక్టరుకు చూపించుకోండి. ఇతర జబ్బుల వలన కూడా ఇలా కావచ్చు. బిగిసిన ఎముకలను పూర్తిగా మునుపటిలా చేసే మందు లేదు. అందుకే నీళ్ళు ముందే మార్చుకోవాలి.

ఏమి చేయాలి?

1. ముందు పరీక్ష చేయించండి. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు ఇవ్వండి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీళ్ళు దొరకని చోట 1.5 వరకు అనుమతి ఉంది.

2. రాగి చెంబు, మట్టి కుండ, క్యాండిల్ ఫిల్టరు ఫ్లోరైడును తీసివేయలేవు. రాగి పాత్రలో మజ్జిగ, నిమ్మరసం, చింతపులుసు ఉంచకండి. పులుపుకు రాగి కరిగి వాంతులు, కడుపునొప్పి వస్తాయి.

3. తాగడానికి, వంటకు మాత్రం మంచి నీళ్ళు వాడండి. సంగటి, పప్పు, టీ ఏ నీళ్ళతో చేస్తే ఆ ఫ్లోరైడే లోపలికి పోతుంది. స్నానానికి, బట్టలకు బోరు నీళ్ళు వాడవచ్చు.

4. ఆర్.ఓ. యంత్రం ఫ్లోరైడును చాలావరకు తీసివేస్తుంది. వేళకు పొర మార్పించాలి. క్యాన్ నీళ్ళు కొనేవారు ప్లాంటు వారిని ఫ్లోరైడ్ పరీక్ష కాగితం అడగండి.

5. నాగపూరులోని నీరి సంస్థ రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు నీళ్ళలో వేసి పది నిమిషాలు మెల్లగా కలిపి, గంటసేపు తేరనిచ్చి, పైనీళ్ళు తీసుకుంటారు. మోతాదు ప్రతి బోరుకూ మారుతుంది. పరీక్ష చేసినవారిని అడగకుండా కంటి అంచనాతో వేయకండి. అడుగు మడ్డి తాగరాదు.

6. పాలు, రాగులు, మునగాకు, ఉసిరి, జామ తినండి. నల్ల ఉప్పు, వక్కపొడి, పొగాకు మానండి.

తల్లిపాలలో ఫ్లోరైడ్ చాలా తక్కువ. ఆరు నెలల వరకు బిడ్డకు తల్లిపాలు తప్ప మరేమీ, నీళ్ళు కూడా, పట్టకండి. ఇంట్లో ఎనిమిదేళ్ళలోపు పిల్లలుంటే ఈ వారమే నీళ్ళ పరీక్షకు ఇవ్వండి. పరీక్ష కాగితం మా వద్దకు తెస్తే చూసి చెబుతాము.