అచ్చు తోలే ట్రాక్టర్‌కు ఆకాశం ఆసరా

తెలంగాణలోని మరిపెడ పత్తి చేలల్లో తొలకరికి అచ్చు తోలుతారు. నిలువుగా, అడ్డంగా గీతలు గీసి, అవి కలిసిన చోట గింజ పెడతారు. అచ్చు వంకరపోతే ఆ తర్వాత గుంటుక కింద మొక్కలు తెగుతాయి. ఆ గీతను ట్రాక్టరే తనంతట తాను గీయాలంటే ఒట్టి జీపీఎస్ చాలదు.

ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. సంకేతం నేలకు చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి రిసీవర్ దూరం లెక్కకడుతుంది. సెకనులో వంద కోట్లలో ఒక వంతు తేడా వచ్చినా 30 సెంటీమీటర్లు తప్పినట్టే. దారిలో వాతావరణపు పైపొర అయిన అయనోమండలం సంకేతాన్ని ఆలస్యం చేస్తుంది కూడా. అందుకే ఫోనులో చూసే మన చోటు కొన్ని మీటర్లు అటూ ఇటూగా ఉంటుంది. పత్తి సాళ్ల మధ్య ఎడమేమో 90 సెంటీమీటర్లే!

దీనికి విరుగుడు సవరణ సంకేతం. తన చోటు ముందే కచ్చితంగా తెలిసిన కేంద్రమొకటి అవే ఉపగ్రహాలను గమనిస్తూ, లెక్కలో ఎంత తప్పు వస్తోందో ట్రాక్టర్‌కు చేరవేస్తుంది. విమానాల కోసం ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ నిర్మించిన ‘గగన్’ సవరణ ఉపగ్రహం నుంచే ఉచితంగా వస్తుంది. కానీ అది సెంటీమీటర్ల మాట చెప్పలేదు. అందుకు ఆర్టీకే (రియల్ టైమ్ కైనమాటిక్) పద్ధతి కావాలి. సర్వే ఆఫ్ ఇండియా దేశమంతటా నెలకొల్పిన, నిరంతరం ఉపగ్రహాలను గమనించే ‘కార్స్’ కేంద్రాల నుంచి ఆ సవరణ మొబైల్ ఇంటర్నెట్ మీద అందుతుంది. చేనులో సిగ్నల్ పోతే సవరణా పోతుంది.

మనకు ఇంకో చిక్కుంది. భూ అయస్కాంత మధ్యరేఖ దేశం దక్షిణపు కొస మీదుగా పోతుంది. అందువల్ల పొద్దుగూకాక మన పైని అయనోమండలం అల్లకల్లోలమై సంకేతాలు మినుకుమంటాయి. మార్చి, సెప్టెంబరు దరిదాపుల్లో ఇది ఎక్కువ. జూన్ పగటిపూట అచ్చు తోలేవారికి ఆ బాధ తక్కువే.

మరి గిట్టుబాటు? నలుచదరపు ఎకరం ఒక్కో పక్క 64 మీటర్లుంటుంది. గంటకు ఐదు కిలోమీటర్ల వేగంతో 46 సెకన్లలో గట్టు వస్తుంది, మళ్లీ తిప్పాలి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక హెక్టారే. సొంతానికి ఈ సామగ్రి కొనడం దండగే అంటాను. ఊరంతా తిరిగే కిరాయి ట్రాక్టర్‌కు పెడితే లెక్క వేరు.

పైగా ట్రాక్టర్ వెనక అచ్చు గీసే గొర్రు ఒక్క విడతలో గీసే గీతల మధ్య ఎడం ఇనుమే చూసుకుంటుంది. తప్పు వచ్చేది ఒక విడతకూ పక్క విడతకూ నడుమ ఉండే అతుకు సాలులోనే. అక్కడ 20 సెంటీమీటర్లు తగ్గితే గుంటుక ఇరుకున పడుతుంది. ఆర్టీకే అవసరమయ్యేది ఆ ఒక్క సాలు కోసమే. తర్వాత గుంటుక లాగే ఎడ్లు మొలిచిన పత్తిని చూసుకునే నడుస్తాయి.