మత్తుకు ముందు అరగంట

ఆపరేషన్‌కు ముందు రోగికి చెప్పే మాటలు నిజంగా పనిచేస్తాయా, గురువారంలోగా తేల్చమన్నారు ఎడిటర్ గారు. నాకు మొదటినుంచీ అనుమానమే. ఆసుపత్రుల్లో అవగాహన అంటే రంగురంగుల కరపత్రం, ఆ వెనకే సంతకం పెట్టాల్సిన కాగితం. ఆ సంతకమూ చాలాసార్లు కొడుకో అల్లుడో పెడతాడు.

ఆ అనుమానాన్ని కదిపింది 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక పత్రం. ఇయాంతీ బోడెన్ అనే ఆస్ట్రేలియా ఫిజియోథెరపిస్టు, ఆమె బృందం చేసిన పరిశోధన అది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలోని మూడు ఆసుపత్రుల్లో పొట్ట పైభాగంలో పెద్ద ఆపరేషన్‌కు సిద్ధమవుతున్న 441 మందిని తీసుకున్నారు. అందరి చేతికీ ఒకే చిన్న పుస్తకం ఇచ్చారు. సగం మందికి అంతటితో సరి. మిగతా సగంతో మాత్రం ఫిజియోథెరపిస్టు ఒక్కసారి, అరగంట కూర్చుని మాట్లాడారు. తేడా అంతే!

ఆ అరగంటలో ఏం జరిగిందో చదువుతుంటే మిగతా పత్రాలన్నీ పక్కన పెట్టేశాను. వ్యాయామం చేయండని ఆర్డరు వేయలేదు, ముందు ఎందుకో చెప్పారు. మత్తు ప్రభావం, కోత నొప్పి కలిసి ఊపిరిని పైపైనే ఆడనిస్తాయి. ఊపిరితిత్తుల అడుగు భాగాన గాలి గదులు ముడుచుకుపోతాయి. కఫం కదలక నిలవుంటుంది, అందులో క్రిములు పెరుగుతాయి. న్యుమోనియాకు దారి అదే. అందుకని మెలకువ రాగానే, ఎవరో వచ్చి చెప్పేదాకా ఆగకుండా, నిదానంగా, నిండుగా పది ఊపిరులు తీయాలి. ఆపైన మరో పది. మేలుకుని ఉన్నంతసేపూ గంటకోసారి ఇదే పని. నోటితో చెప్పి వదిలేయలేదు, అక్కడే తీయించి చూశారు.

ఆపరేషన్ అయ్యాక రెండు జట్లనూ ఒకేలా లేపి నడిపించారు. ఊపిరి వ్యాయామం మాత్రం ఎవరిచేతా దగ్గరుండి చేయించలేదు. ఎవరు ఏ జట్టో తెలియనివాళ్లే రోగులను పరీక్షించి లెక్క రాశారు. 14 రోజుల్లో ఊపిరితిత్తుల ఇబ్బందులు పుస్తకం ఒక్కటే అందినవాళ్లలో 27 శాతం మందికి వస్తే, అరగంట పాఠం విన్నవాళ్లలో 12 శాతం మందికే వచ్చాయి. ఆసుపత్రిలో ఎన్ని రోజులు ఉండాల్సి వచ్చిందన్న లెక్కలో మాత్రం స్పష్టమైన తేడా తేలలేదు. అదీ చెప్పాలి కదా.

ఊపిరి వ్యాయామాల సంగతి ఆ పుస్తకంలోనూ ఉంది. కానీ నొప్పిగా ఉంటే కూడా తీయాలా, కుట్లు తెగిపోవా అని రోగి అడిగితే పుస్తకం బదులివ్వదు.

ఇక చరిత్ర, గబగబా. ఆపరేషన్‌కు ముందు భయం ఎంత ఉంటే మేలని 1958లో అమెరికా మనస్తత్వవేత్త ఇర్వింగ్ జానిస్ చర్చించారు. 1964లో బోస్టన్‌లో మత్తు డాక్టర్ లారెన్స్ ఎగ్బర్ట్ బృందం ముందస్తు మాటల ప్రభావాన్ని 97 మందిపై పరీక్షించింది. నొప్పి ఎక్కడ వస్తుందో, కండరాలు ఎలా వదులు చేయాలో, పక్కకు ఎలా ఒత్తిగిలాలో ముందే చెప్పించుకున్నవాళ్లకు నొప్పి మందు దాదాపు సగమే పట్టింది. 1990లలో డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెహ్లెట్ ఈ పాఠాన్ని త్వరగా కోలుకునే పద్ధతిలో ఒక భాగం చేశారు.

బాక్స్: మిగిలిన సంగతులు

అన్ని ఆపరేషన్లకూ ఇదే ఫలితం రాదు. తుంటి, మోకాలి కీలు మార్పిడి మీద 18 పరిశోధనలను కాక్రేన్ సంస్థ 2014లో కలిపి చూసింది. మామూలు వైద్యం కన్నా ముందస్తు పాఠాలవల్ల అదనంగా మేలుందని గట్టిగా చెప్పలేకపోయింది. గంటకోసారి చేయాల్సిన ఒక్క పని నేర్పడం వేరు, అన్నీ కలిపి ఉపన్యాసం ఇవ్వడం వేరని నా లెక్క.

మనవైపు ఆసుపత్రుల్లో కనిపించే మూడు బంతుల స్పైరోమీటర్ అనే ఊపిరి వ్యాయామ పరికరం బోడెన్ పరిశోధనలో భాగం కాదు. అయినా దాన్ని నొప్పి మధ్యలో చేతికిస్తే చాలామంది ఊదుతారు. గొట్టంలోంచి గాలి పీల్చాలి, అప్పుడే బంతులు లేస్తాయి. ఊపిరి వ్యాయామమైనా, ఈ పరికరమైనా నేర్పమని అడగాల్సింది థియేటర్ తలుపు దగ్గర కాదు, ఆపరేషన్ తేదీ ఖాయమైన రోజే.