కాఫీ పానము

తెలుగునాట పెక్కు ఇండ్లలో తెల్లవారగనే ఒకవైపు పాలు కాగుచుండును. మరియొకవైపు ఫిల్టరులో డికాక్షను దిగుచుండును. కాఫీ చుక్క గొంతు దిగిననే గాని పని సాగదనువారు కొందరు. అది విషముతో సమానమని దూషించువారు మరికొందరు. ఈ ఇరువురి మాటలును అతిశయోక్తులే.

కాఫీ మహిమ యంతయు ముఖ్యముగా కెఫీను అను పదార్థమునందు కలదు. 1819వ సంవత్సరమున జర్మనీ దేశమున ఫ్రీడ్లీబ్ రూంగే అను యువ రసాయన శాస్త్రజ్ఞుడు కాఫీ గింజలనుండి దీనిని వేరుచేసెను. ఆ గింజలను అతని చేతికిచ్చి పరిశోధింపుమని ప్రోత్సహించినవాడు మహాకవి గేటే యగుట విశేషము.

మనుష్యుడు మేలుకొనియున్నకొలదియు అతని మెదడులో అడినొసీను అను పదార్థము పెరుగుచుండును. నాడీకణములపై దానికొరకు ప్రత్యేక స్థానములు కలవు. వానిని అది చేరినప్పుడు మనుష్యునకు బడలికయు నిద్రయు తోచును. కెఫీను ఆకృతిలో అడినొసీనును పోలియుండుటచే ముందుగా పోయి ఆ స్థానములను ఆక్రమించును. అడినొసీను వాకిట నిలిచిపోవును. కావున కాఫీ త్రాగినవానికి క్రొత్త బలమేమియు చేకూరదు. ఉన్న అలసట మరుగుపడును. పాలు, పంచదారల వలన కలుగు శక్తి కాఫీది కాదు గదా! కెఫీను తొలగినకొలదియు, వేచియున్న నిద్ర ముంచుకొని వచ్చును.

పెద్దవారి దేహములో కెఫీను సగమునకు తగ్గుటకు సుమారు 5 గంటలు పట్టును. సాయంకాలము 6 గంటలకు త్రాగినదానిలో దాదాపు సగము రాత్రి 11 గంటలకు కూడ నిలిచియుండును. పరీక్షల దినములలో రాత్రులు కాఫీతో మేలుకొను విద్యార్థులు ఈ లెక్కను గమనింపవలెను. చదివినది మనస్సున నాటుకొనుటకు నిద్ర యవసరము. నిద్రను చెరచుకొని చదువుట, విత్తులు చల్లి మడికి నీరు ఆపివేయుట వంటిది.

వేలకొలది జనుల అలవాట్లను ఏండ్ల తరబడి పరిశీలించిన వైద్యులు, మితముగా కాఫీ త్రాగు పెద్దలలో రెండవ రకపు మధుమేహము, కాలేయ వ్యాధులు, పార్కిన్సన్ వ్యాధి కొంత తక్కువగా నున్నట్లు కనుగొనిరి. అయినను ఇది కాఫీ వలననే కలిగినదని నిశ్చయించుట తొందరపాటగును. జబ్బుపడినవారు కాఫీని ముందే మానియుండవచ్చును. అప్పుడు త్రాగువారిలో ఆరోగ్యవంతులే మిగులుదురు.

నిందల విషయమునను ఇట్టి జాగ్రత్తయే కావలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 1991లో కాఫీ మూత్రాశయ క్యాన్సరునకు కారణము కావచ్చునని శంకించెను. 2016లో, అందుకు తగిన సాక్ష్యము లేదని ఆ శంకను విడిచిపెట్టెను. అయితే 65 డిగ్రీల సెంటిగ్రేడుకు మించిన వేడిగల పానీయములు, అవి ఏవైనను, అన్నవాహికలో క్యాన్సరు కలిగించుట సంభవమని అప్పుడే తెలిపెను. దోషము వేడిది, కాఫీది కాదు.

కాఫీ మితిమీరినచో గుండెదడ, చేతుల వణుకు, ఆందోళన కలుగును. అలవాటుపడినవారు ఒకనాడు మానినచో తలనొప్పి పట్టుకొనును. భోజనముతోపాటు త్రాగినచో ఆహారములోని ఇనుము సరిగా ఒంటబట్టదు. రక్తహీనత గలవారికి ఇది చిన్న విషయము కాదు.

ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో, ఆరోగ్యవంతులగు పెద్దలు దినమునకు 400 మిల్లీగ్రాముల వరకును, గర్భిణులు 200 మిల్లీగ్రాముల వరకును కెఫీను పుచ్చుకొనవచ్చునని తెలిపెను. పిల్లలకు దేహపు బరువులో కిలో ఒక్కింటికి 3 మిల్లీగ్రాములు హద్దు. 40 కిలోల బరువుగల బాలునకు ఇది 120 మిల్లీగ్రాములగును. ఇన్ని కప్పులని చెప్పుట కష్టము. డికాక్షను చిక్కదనమును బట్టి, పొడిలో కలిపిన చికోరీని బట్టి కెఫీను మారుచుండును. చికోరీలో కెఫీను లేదు. ఈ లెక్కలో టీ, కోలా పానీయములు, చాక్లెట్టు కూడ చేరును.