గుండీకి గుడ్డ రంగు

గుండీల మీద కూడా ఒక వ్యాసమా అని నవ్వుకునే మిత్రులు ఉంటారు. నవ్వుకోవచ్చు. కానీ కోటు ఎంత పొందికగా కుదిరినా, గుండీ రంగులో రవ్వంత తేడా వస్తే ఎదుటివారి చూపు సరాసరి అక్కడికే పోతుంది. తెలంగాణలో మేము గుండీ అంటాం, కోస్తా మిత్రులు బొత్తాము అంటారు. బొత్తామూ, అది దూరే కాజా, రెండూ పోర్చుగీసు మాటల నుంచి మనకు వచ్చినవే. పేరు ఏదైతేనేం, దానికి సరిగ్గా గుడ్డ రంగే కావాలని ఆర్డరు ఇచ్చిన రోజున చిక్కులు మొదలవుతాయి. మన కాలేజీలో రసాయన శాస్త్రం చదివి అద్దకం పనిలోకి పోయినవాణ్ణి గనుక ఆ చిక్కుల సంగతి రాస్తున్నాను.

రెడీమేడ్ చొక్కా కొనేవారికి ఈ బాధ తెలియదు. ఆ తంటా ఏదో తయారుచేసినవాడే పడి ఉంటాడు. కుట్టించుకునే షేర్వాణీకో, సఫారీకో వచ్చేసరికి దుకాణంలో అట్టకు కుట్టి ఉంచిన గుండీలు పాతిక ముప్పై రంగుల్లో ఉంటాయి, గుడ్డలకేమో లెక్కే లేదు. దగ్గర రంగుతో సరిపెట్టుకోవచ్చు. మ్యాచింగ్ సెంటర్లో అదే గుడ్డ ముక్క చుట్టి గుడ్డ గుండీలు ఒత్తించుకోవచ్చు. అవి నాలుగు ఉతుకులకు అంచులు పీచు లేస్తాయి. ఇక మిగిలింది తెల్ల గుండీలు తెచ్చి, గుడ్డకు సరిపోయే రంగు వేయించడం. నేను చెప్పేది ఈ చివరి దారి గురించే.

రంగు మాట తరువాత, ముందు గుండీ దేనితో చేసిందో తెలియాలి. నైలాన్ గుండీ అద్దకందారుకు చుట్టం లాంటిది. ఉన్నికీ పట్టుకీ వాడే యాసిడ్ డైలనే వేడినీళ్లలో హాయిగా పీల్చుకుంటుంది. పాలిస్టర్ గుండీకి అవి పట్టవు. నీళ్లలో కరగకుండా సన్నని పొడిగా తేలే డిస్పర్స్ డైలు కావాలి, వేడి ఇంచుమించు మరుగు దాకా పోవాలి. అప్పటికీ రంగు పైపొరలోకే దిగుతుంది. అందుకే రంధ్రాలు వేశాకనే అద్దాలి. ముందు అద్ది తరువాత రంధ్రం వేస్తే లోపల తెలుపు కనబడుతుంది. యూరియా ఫార్మాల్డిహైడ్‌తో అచ్చుపోసిన గుండీ ఇస్త్రీ వేడికి చెక్కుచెదరదు గాని రంగు పీల్చదు. దానికి పొడిలోనే రంగు కలిపి అచ్చు పోయాలి, అంటే పదీ ఇరవై గుండీల పని కాదు. ముత్యపుచిప్ప గుండీ అందంగానే ఉంటుంది, కానీ అది కాల్షియం కార్బొనేటు. ఆమ్లం తగిలితే ఏమవుతుందో ఇంటర్ పిల్లలే చెబుతారు.

ఒకప్పుడు ఈ పనికి పేరుపొందినది పాలగుండీ. 1899లో జర్మనీలో పేటెంటు పుచ్చుకున్న గెలలిత్ అనే పదార్థం, పాలు విరిచి తీసిన కేసీన్‌ను ఫార్మలిన్‌లో నానబెట్టి గట్టిపరిస్తే వచ్చేది. మన జువాలజీ వారి సీసాల్లో కప్పలు ఈదే ఫార్మలినే అది! కేసీన్ మాంసకృత్తు కదా, ఉన్నిలాగే యాసిడ్ డైలు దానికి ఇట్టే పట్టేవి. ఖరీదైన కోట్లకు ఈనాటికీ వాడే మరొక వస్తువు కొరోజో. ఈక్వడార్ ప్రాంతంలో పెరిగే తాటిజాతి చెట్టు గింజ. లేతగా ఉన్నప్పుడు మన ముంజెలాగే నీరూ జిగురూ, ముదిరితే ఏనుగు దంతమంత గట్టి. అదీ రంగును చక్కగా పీలుస్తుంది.

ఇక అద్దకం. డిగ్రీ మొదటి సంవత్సరంలో కోనికల్ ఫ్లాస్కు కింద తెల్ల పలక పెట్టి టైట్రేషన్ చేసిన ప్రతివారికీ ఇది సగం వచ్చినట్టే. బొట్టు బొట్టుగా పోస్తూ, రంగు మారే ఘడియ కోసం కాచుకుని ఉంటాం, ఒక బొట్టు ఎక్కువైతే మొదటికొస్తుంది. ఇక్కడా అంతే. తెల్ల గుండీని ముదురు చేయడం సులువు, ముదిరినదాన్ని వెనక్కి తేవడం కష్టం. అందుచేత తెలిసిన అద్దకందారు కావలసినదానికంటే లేతగా మొదలుపెట్టి, కొద్ది నిమిషాలకొకసారి ఒక గుండీ పైకి తీసి, తుడిచి ఆరబెట్టి, గుడ్డ మీద పెట్టి చూస్తాడు. తడి గుండీని చూసి సరే అనేవాణ్ణి నమ్మకండి.

ఇంత జాగ్రత్తపడ్డా మోసపోయే చోటు ఒకటి ఉంది, అది వెలుతురు. నేను ఎరిగిన ఒక దర్జీ పెళ్లివారికి పదకొండు షేర్వాణీలు ఒప్పుకున్నాడు. గుడ్డ గచ్చకాయ రంగు. అద్దకం దుకాణంలో ట్యూబులైటు కింద గుండీలు గుడ్డలో కలిసిపోయాయి, ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. పెళ్లి నాడు పొద్దున పందిరి బయటకు వచ్చేసరికి ప్రతి గుండీ ఎర్రజీరతో తేలింది. పెళ్లివారు కుట్టుకూలిలో సగానికి పైగా కోసుకున్నారు. మూడు వారాలు రాత్రింబవళ్లు పనిచేసిన మనిషి ఆ సొమ్ముతో కాజాలు కుట్టిన కుర్రవాళ్లకు కూలి ఇవ్వాలి. అద్దకందారు 'నా దగ్గర సరిపోయింది, నువ్వే చూసుకున్నావు' అన్నాడు. అదీ నిజమే. ఏ వెలుతురులో సరిపోవాలో ఆర్డరు చీటీ మీద ఎవరూ రాయలేదు.

దీన్నే మెటమరిజం అంటారు. మన కంటిలో రంగు గుర్తించే కణాలు మూడు రకాలే. గుడ్డను ఒక రకం డైల మిశ్రమంతో, గుండీని మరో రకంతో అద్దితే, అవి తిప్పికొట్టే కాంతి అలల వాటా వేరువేరుగా ఉన్నా, ఒక వెలుతురులో ఈ మూడు కణాలకూ ఒకే కబురు అందవచ్చు. దీపం మారితే ఆ లెక్క తప్పుతుంది. గచ్చకాయ, ఆలివ్, గోధుమ వంటి మూడు నాలుగు డైలు కలిపితే గాని రాని రంగుల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. పెద్ద కార్ఖానాల్లో ఇందుకోసం ఒక పెట్టె ఉంటుంది. స్విచ్చి మారుస్తూ 6500 కెల్విన్ పగటి వెలుగు, 2856 కెల్విన్ పాతకాలపు బల్బు వెలుగు, దుకాణాల ట్యూబులైటు వెలుగు, ఇప్పుడు ఎల్.ఇ.డి. కూడా వేసి చూస్తారు. మన ఆడవాళ్లు మాత్రం ఏ పెట్టే లేకుండానే జాకెట్టు గుడ్డను చీరతో సహా దుకాణం గడప దాటించి, ఎండలో చూసి మరీ బేరం చేస్తారు. దుకాణదారు విసుక్కున్నా సరే, ఫిజిక్సు డిపార్టుమెంటు వారు ఆమె పక్షమే వహించాలి.

తెలుపుతో ఇంకా పెద్ద తకరారు. తెల్లచొక్కాకు టినోపాల్ పెట్టి ఉంటే అది ఎండలోని కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలను పుచ్చుకుని నీలి వెలుగుగా మార్చి విసురుతుంది. దాని పక్కన మామూలు తెల్ల గుండీ పాతబడ్డ పంటిలా పసుపుగా కనిపిస్తుంది. ఆ తప్పు గుండీది కాదు. నిగనిగలాడే గుండీ గరుకు గుడ్డ పక్కన మరికొంచెం ముదురుగా కనబడుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. మెరుపు లేని గుడ్డకు మెరుపు లేని గుండీ అడగడం మేలు.

మరి ఆర్డరు ఎలా ఇవ్వాలి? రంగు పేరు చెప్పి ఇవ్వకండి. ఉల్లిపొర రంగు, వంకాయ రంగు, నెమలి కంఠం, మామిడి చిగురు అని మన భాషలో ఎంత ముచ్చటైన పేర్లున్నా, నా వంకాయ వేరు, మీ వంకాయ వేరు. ఫోనులో తీసిన ఫోటో అంతకన్నా అన్యాయం. కనీసం అరచేయంత గుడ్డ ముక్క ఇవ్వాలి, అదీ ఒకసారి ఉతికి ఆరేసినది. ముఖ్యంగా చేనేత గుడ్డకు మొదటి ఉతుకులో రంగు కొంత దిగవచ్చు. పోచంపల్లి వంటి గుడ్డ అయితే అందులోని ఏ రంగుకు సరిపోవాలో దారం కట్టి గుర్తు పెట్టండి. సైజు లైన్లలో చెప్పాలి. 40 లైన్లు ఒక అంగుళం. చొక్కాకు సాధారణంగా 18 లైన్లు, అంటే పదకొండున్నర మిల్లీమీటర్లు, కోటు ముంజేతికి 24, ముందువైపు 32. కార్ఖానాలు గ్రోసు లెక్కన, అంటే 144 చొప్పున అద్దుతాయి. పది గుండీలకు మన ఊరి అద్దకందారే దిక్కు.

చీటీ మీద గుండీ ఏ పదార్థమో, ఏయే వెలుతుర్లలో సరిపోవాలో, బట్ట ఉతుకుకు పోతుందా డ్రైక్లీనింగుకా అన్నది రాయించండి. మొదట ఒకే గుండీ అద్దించి, దాన్ని గుడ్డ మీద కుట్టే చోటనే పెట్టి, ఎండలోనూ దీపం కిందా చూసి, రెంటిలోనూ బాగుంటేనే మిగతావి వేయమనాలి. ఆ నమూనా గుండీని సగం గుడ్డ ముక్కకు కుట్టి మీ దగ్గర, మరో నమూనాను మిగతా సగానికి కుట్టి ఆయన దగ్గర ఉంచుకుంటే తరువాత మాటామాటా పెరగదు. తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా ఇరవైసార్లు రుద్ది చూడండి. గుడ్డకు రంగు అంటితే ఆ గుండీ మొదటి వర్షానికే కోటును కూడా పాడుచేస్తుంది.

ఒక్క సంగతి. పది కావలసిన చోట పన్నెండు వేయించండి. అదే అద్దకందారు, అదే డై, అదే గిన్నె అయినా రెండోసారి వేసినది మొదటిదానితో అచ్చంగా కలవదు. అదనపు రెండింటిని లోపలి జేబుకు కుట్టించండి. కోటుతోపాటే అవీ ఉతుకూ గాలీ చూస్తూ కాస్త కాస్త వెలుస్తాయి, ఊడిన గుండీ స్థానంలో పెట్టేనాటికి తక్కినవాటితో కలుస్తాయి.